ఆగిందని చెప్పే పెట్టె

తిరువూరు బస్టాండు ఎదురు సందులో ఉన్న శివపార్వతి ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మందికి తాము కొనబోయేదాని పేరు తెలియదు. పాడైన ముక్కను ప్లాస్టిక్ కవరులో వేసుకుని వస్తారు. పొంగిపోయిన కెపాసిటరు, పళ్లు అరిగిన మిక్సీ బుష్షు, ఎలుక కొరికిన వైరు. అద్దాల బల్ల మీద పెట్టి, ఇలాంటిది ఇవ్వమంటారు. కొట్టులో పనిచేసే సుందరరాజు దాన్ని వెలుతురుకు తిప్పి చూస్తాడు. వెనక గోడకున్న చిన్న సొరుగుల్లోంచి ఒకటి తీసి దాని పక్కన పెడతాడు. టంకం పెట్టి, ముక్క కాళ్లకు సీసం అంటితే వాపసు లేదంటాడు. ఆ ఒక్కమాట తప్ప రోజంతా అతను పెద్దగా మాట్లాడడు.

ఆ పొద్దున మొదట వచ్చింది మేరమ్మ. రిమోటును బల్ల మీద ఠప్పున పెట్టింది.

"ఏంటిది రాజూ, మొన్న నువ్విచ్చిన రిమోటు సౌండు పెంచుద్దేగానీ తగ్గించదు. అచ్చం మా ఆయనే."

"సెల్లులు మార్చావా పిన్నీ?"

"మా ఆయనకా?"

సుందరరాజు నవ్వాడు. రిమోటు వెనక మూత తీసి, రబ్బరు పొర ఎత్తి, కింద అంటిన నూనె మరకను దూదితో తుడిచాడు. బజ్జీలు తింటూ టీవీ చూస్తారని ఆ మరకే చెబుతోంది. మూత బిగించి ఇస్తుంటే గుమ్మంలో నీడ పడింది. మేరమ్మ తిరిగి చూసింది. నోట్లో ఉన్న మాట మింగి, రిమోటు కొంగులో చుట్టుకుని, గోడవారగా ఒత్తిగిలి బయటికి పోయింది.

వచ్చింది రాజేంద్రప్రసాద్. రెడ్డిగూడెం అవతల మామిడితోట ఆయనది. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో యూరియా సంచి. ఎడమ చెవి పైన జుట్టు గొరిగి వేసిన కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

ఆ కుట్లు ఎలా పడ్డాయో చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఆయనకూ తమ్ముడు రఘుకీ కలిపి తోటలో ఒకటే బోరు. నీళ్లు వంతుల మీద పెట్టుకుంటారు. వంతు దగ్గర మాట పెరిగి, రఘు వేయించిన డ్రిప్పు పైపుల్ని రాజేంద్రప్రసాద్ గొడ్డలితో ముక్కలు చేశాడు. రఘు పైపు రెంచితో అన్న తల పగలగొట్టాడు. అన్న ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు రఘు పెంచుకునే కుక్క మామిడికొమ్మకు తీగతో వేలాడుతూ కనిపించింది. ఎవరూ ఎవరి మీదా కేసు పెట్టలేదు. కేసు పెడితే అవతలివాడు జైల్లో క్షేమంగా ఉంటాడని ఇద్దరికీ అనిపించి ఉండాలి.

"మీ కొట్టు అమ్మగారు లేరేంరా?" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"పైన గోడౌన్లో ఉన్నారండి. పిలవనా?"

"వద్దు. నీతోనే పని."

సంచిలోంచి తీసింది సిమ్ము పెట్టె. మోటారుకు పెట్టుకునే ఫోన్ స్టార్టరును ఆ చుట్టుపక్కల అలాగే పిలుస్తారు. లోపల సిమ్‌కార్డు ఉంటుంది. ఇంటి దగ్గర కూర్చుని దానికి ఫోన్ చేస్తే తోటలో మోటారు తిరుగుతుంది. మళ్లీ చేస్తే ఆగుతుంది. ఆగగానే ఒక ఆడగొంతు, మోటారు ఆగిపోయింది అని ఫోన్లో చెబుతుంది. ఈ పెట్టెను ఆ తోటలో బిగించింది సుందరరాజే. అన్నదమ్ముల నంబర్లు రెండూ అందులో ఎక్కించిందీ అతనే. అప్పట్లో ఇద్దరూ పక్కపక్కనే నిలబడి, ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, ఆ గొంతు విని నవ్వారు. ఆ తర్వాత మోటారు షెడ్డుకు నడిచి వెళ్లడం ఇద్దరూ మానేశారు. ఆ గొంతు ఏం చెబితే అదే నిజమని ఉన్నారు.

సుందరరాజు మరలు విప్పి మూత తీశాడు. లోపల ఒక బల్లి ఎండిపోయి, కరెంటును కలిపి తెంచే రిలేకు అతుక్కుని ఉంది. చిమటాతో తోకపట్టి లాగి కాగితంలో వేశాడు.

"దీనికేం కాలేదండి. బల్లి పడింది. తుడిస్తే సరిపోద్ది."

"పాడైందని నేనన్నానా?"

సుందరరాజు తల ఎత్తాడు.

"తమ్ముడుగారి నంబరు తీసెయ్యాలాండీ?"

"తీయొద్దు. తీస్తే వాడికి తెలిసిపోద్ది." రాజేంద్రప్రసాద్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "వాడు ఆపడానికి ఫోన్ చేస్తాడు. అప్పుడు ఆ ఆడమనిషి ఆగిపోయిందని చెప్పాలి. మామూలుగా ఎట్టా చెబుద్దో అట్టాగే. కరెంటు మాత్రం పోకూడదు."

ఇలాంటి కోరికలు సుందరరాజుకు కొత్త కాదు. పక్కింటి టీవీ పనిచేయకుండా చేసే రిమోటు ఉందా అని అడిగినవాళ్లున్నారు. ఇది నీళ్ల దొంగతనం అనుకున్నాడు. తమ్ముడి వంతులో కూడా తన చెట్లకు పారించుకుందామని కాబోలు.

"నీళ్లు పారతంటే ఆయనకి కనపడదాండీ?"

"ఏం నీళ్లురా. మోటారు తిరిగితేగా. బోరు నోటికాడ కేబులు జాయింటు కాలిపోయింది."

"మరి ముందు అది చేయించాలి గదండీ."

"రేపటినుంచి వాడి వంతు. మొక్కజొన్న ఎండిపోతందని పొద్దున్నే వాడే విప్పి కట్టుకుంటాడంట. మెకానిక్కుని పిలిచే రకమా వాడు. అన్నీ వాడికే వచ్చు." రాజేంద్రప్రసాద్ బల్ల అద్దం మీద వేలితో దుమ్ము గీశాడు. "విప్పేముందు ఫోన్ చేస్తాడుగా."

ఆగిందని ఆ గొంతు చెప్పగానే రఘు కరెంటున్న తీగ మీద చెయ్యి వేస్తాడు.

సుందరరాజు చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. బస్టాండులో కండక్టరు మైలవరం, విజయవాడ అని అరుస్తున్నాడు. ఎవరో పిల్లాడికి సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు విసిరారు. స్టాండులో టంకం పెట్టే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కి, కొన దగ్గర సన్నగా పొగ లేస్తోంది. అతను పెట్టె మూత మళ్లీ మీద పెట్టాడు.

"నా వల్ల కాదండి."

"రాదా, చెయ్యవా?"

"చెయ్యనండి."

"నువ్వు సామాను అమ్మేవాడివి. కొన్నోడు దాంతో ఏం చేసుకుంటే నీకెందుకు? మీ అమ్మ జోజమ్మ మా తోటలో కాయలు కోసే నిన్ను పెంచింది. ఆ గంపలు మోసిన తల మీద చెయ్యేసి అడుగు, ఎవరి ఉప్పు తిన్నావో."

"మీదేనండి. రఘుగారిది కూడానండి. అప్పట్లో తోట ఒకటేగా."

ఆ మాటకే రాజేంద్రప్రసాద్ లేచాడు. బల్ల మీదుగా వంగి సుందరరాజు కాలరు పట్టుకుని ముందుకు లాగాడు. మెడ నరాలు పొంగాయి, చెవి పైన కుట్లు సాగాయి. రెండో చేత్తో స్టాండులోంచి ఐరన్ పీకాడు.

"చేస్తావా, చెయ్యవా?"

సుందరరాజు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. రాజేంద్రప్రసాద్ ఆ కొనను అతని కుడి ముంజేతి లోపలివైపు, తెల్లటి చర్మం ఉన్నచోట ఆనించి నొక్కాడు. చుయ్ మంది. టంకానికి వాడే రజనం వాసనలో వెంట్రుకల వాసన, ఆ తర్వాత మాంసం వాసన కలిసింది. సుందరరాజు పళ్లు బిగపట్టాడు. గొంతులోంచి దగ్గులాంటిది వచ్చింది.

"చెయ్యరా. ఎవరికి తెలుస్తుంది? నీకు తెలుసు, నాకు తెలుసు."

ఐరన్ పక్కకు జరిగి కొత్తచోట ఆనింది. సుందరరాజు ఎడమచేయి బల్ల కింద తడిమింది. పాత ఇన్వర్టరులోంచి పీకిన ట్రాన్స్‌ఫార్మరు అక్కడ ఉంటుంది. ఇనప రేకుల దిమ్మ, రాగి చుట్ట, ఒక చేత్తో ఎత్తడం కష్టం. దాన్ని ఎత్తి, తెరిచి ఉన్న పెట్టె మీద కొట్టాడు. మూత పగిలి ఎగిరింది. మళ్లీ ఎత్తి బోర్డు మీద కొట్టాడు. రిలేలు నలిగాయి. సిమ్‌కార్డు ఉన్న చోటు పచ్చటి పొడి అయింది.

రాజేంద్రప్రసాద్ ఐరన్ పక్కకు విసిరేశాడు.

తర్వాత సుందరరాజు జుట్టు పట్టుకుని ముఖాన్ని బల్ల అద్దానికేసి కొట్టాడు. అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు బీటవేసింది. రెండోసారి కొట్టినప్పుడు ముక్కు దగ్గర టిక్ మంది. బల్ల చుట్టూ తిరిగి లోపలికి వచ్చి కిందపడేసి తన్నాడు. సొరుగుల అర ఒకటి ఊడి, రెసిస్టర్లూ డయోడ్లూ గింజల్లాగా సుందరరాజు మీద రాలాయి. రాజేంద్రప్రసాద్ చెప్పు కింద అవి పటపటలాడుతుంటే జారబోయి గోడ పట్టుకున్నాడు. ఊపిరి తీసుకుని మళ్లీ తన్నాడు.

టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు వచ్చి గుమ్మం నింపారు. లోపలికి ఎవరూ రాలేదు. ఆయన చొక్కా చూశారు, ఆ తర్వాత కిందనున్న వాణ్ని చూశారు.

శివపార్వతి మెట్లు దిగి వచ్చింది. భర్త పోయాక కొట్టును తనే నడుపుతున్న మనిషి. గట్టిగా మాట్లాడే అలవాటు లేదు. ఎవరైనా బేరం ఎక్కువగా ఆడితే కళ్లజోడు తీసి తుడుచుకుంటుంది, అంతే.

"ప్రసాదుగారూ, ఇది నా కొట్టు."

"మీవాడు నా పెట్టె పగలగొట్టాడమ్మా. బాగుచెయ్యరా అని ఇస్తే ముక్కలు చేశాడు. మీరే అడగండి."

"నిజమేనా రాజూ?"

సుందరరాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముక్కులోంచి నెత్తురు పెదవి మీదికి, అక్కణ్నుంచి చొక్కా మీదికి కారుతోంది. గుమ్మం నిండా జనం. అందులో ఇద్దరు రెడ్డిగూడెం వాళ్లే. ఇక్కడ నోరు తెరిచి జరిగింది చెబితే, ఆ మాట భోజనాల వేళకల్లా రఘు చెవిన పడుతుంది. రఘు పైపు రెంచితో ఆగిపోడు.

"చెయ్యి జారిందమ్మా," అన్నాడు.

"రెండుసార్లు జారిందా?" అన్నాడు గుమ్మంలో ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

శివపార్వతి పగిలిన పెట్టెను చూసింది. ట్రాన్స్‌ఫార్మరును చూసింది. సుందరరాజు ముంజేతి మీద పక్కపక్కనే ఉన్న రెండు కాలిన గుర్తులను చూసింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ రఘు లోపలికి వచ్చాడు. గొడవ విని వచ్చింది కాదు. సామాను కొనడానికి వచ్చాడు. చేతిలోని కవరులో కాలి ముద్దైపోయిన కేబులు ముక్క, శాంపిలుకు. అన్న కంటే పదేళ్లు చిన్న. ఎండకు మాడిన ఒంటిమీద ఎముకలే కనిపిస్తాయి. లోపల అన్నను చూసి ఆగాడు. అన్న కాళ్ల దగ్గర పగిలిన పెట్టెను చూశాడు.

"అది మన పెట్టేనా?"

రాజేంద్రప్రసాద్ మొహం తిప్పుకున్నాడు.

"నా మొక్కజొన్న కంకి మీదుంది," అన్నాడు రఘు. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. "రెండు తడులు పడితే గట్టెక్కుద్ది. రేపు పొద్దున నా వంతు. ఇవాళ పెట్టె పగిలింది." అన్న వైపు తిరిగాడు. "బాగా చూసుకుని పగలగొట్టించావు."

"నోరు ముయ్యి," అన్నాడు రాజేంద్రప్రసాద్.

"నువ్వే తెచ్చావు, నువ్వే కొట్టించావు. నా గింజ నోటికి రాకూడదు, అంతేగా. తల పగలగొట్టి వదిలేశాను చూడు, అదీ నేను చేసిన తప్పు."

కవరు వదిలేశాడు. బల్ల పక్కన పలకకు వేలాడదీసిన పనిముట్లలోంచి పెద్ద స్క్రూడ్రైవరు లాగాడు. జానెడు పైన పొడవు, కొత్తది, కొనకు ఇంకా ప్లాస్టిక్ తొడుగు ఉంది. ఆ తొడుగును పంటితో పీకి ఉమ్మేశాడు. గుమ్మంలో జనం ఒక అడుగు వెనక్కి వేశారు. రాజేంద్రప్రసాద్ వెనక గోడ ఉంది. పక్కకు తప్పుకునే చోటు లేదు. 

సుందరరాజు నేల మీద పాకి రఘు కాలు పట్టుకున్నాడు.

"ఆయన కాదండి. నేనండి. నా చెయ్యి జారింది."

"వదలరా."

"నా మొహం చూడండి. ఆయనే పగలగొట్టమంటే నన్నెందుకు కొడతాడండి? పగలగొట్టాననే గదా కొట్టాడు."

రఘు కిందికి చూశాడు. ముక్కు వాచి పక్కకు తిరిగింది. ఒక కన్ను మూసుకుపోయింది. ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. స్క్రూడ్రైవరు పట్టిన పిడికిలి వదులైంది. అన్న మీద లేచిన కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు, దానికి ఇంకోచోటు దొరికింది.

"అంటే నువ్వేనన్నమాట."

"నేనేనండి."

"చూసుకుని పనిచెయ్యడం రాని చెయ్యి నీకెందుకురా?"

స్క్రూడ్రైవరు పారేసి సుందరరాజు కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టి, బల్ల అంచు మీదికి లాగి అదిమాడు. ట్రాన్స్‌ఫార్మరు అందుకున్నాడు. దాని బరువు చూసుకున్నట్టు ఒకసారి కిందికీ పైకీ ఆడించాడు. తర్వాత వేళ్ల మీద వేశాడు.

ఈసారి సుందరరాజు అరిచాడు. ఆ అరుపుకు బస్టాండులో కూడా తలలు తిరిగాయి. చిటికెన వేలూ దాని పక్క వేలూ ఉండాల్సిన వైపు లేవు.

రాజేంద్రప్రసాద్ గోడకు ఆనుకుని చూస్తున్నాడు. వద్దనలేదు. ముందుకు రాలేదు.

రఘు దిమ్మను మళ్లీ ఎత్తాడు. అది దిగేలోపల అతని భుజం మీద ఇనప చప్పుడైంది. షట్టరు లాగే కొక్కెం కడ్డీ శివపార్వతి రెండు చేతుల్లో ఉంది. దిమ్మ జారి కిందపడి గచ్చు పగిలింది. రఘు భుజం పట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఆమె మళ్లీ ఎత్తి ఉంది.

"ఇంకో దెబ్బ ఎవరేసినా ఇది తల మీదే పడుద్ది," అంది. గొంతు పెంచలేదు. "అన్నకైనా సరే, తమ్ముడికైనా సరే. నేను ఆడమనిషిని, నాకు గురి కుదరదు. ఎక్కడ తగులుద్దో నాకే తెలీదు."

ఆమె చేతులు వణుకుతున్నాయి. కడ్డీ కొన కూడా వణుకుతోంది. అందుకే ఆ మాటను ఇద్దరూ నమ్మారు.

తర్వాత ఆమె కడ్డీ దించకుండానే వెనక్కి నడిచి, కింది అరలోంచి ఒక అట్టపెట్టెను కాలితో ముందుకు నెట్టింది.

"ఇది మామూలు స్టార్టరు. పచ్చది నొక్కితే తిరుగుద్ది, ఎర్రది నొక్కితే ఆగుద్ది. ఫోన్లు లేవు, ఆడగొంతులు లేవు. పట్టుకుని పోండి. మీ మొక్కజొన్నకు ఇది చాలు."

రఘు అట్టపెట్టెను చూశాడు. కిందపడిన తన కవరును చూశాడు. వచ్చిన పని గుర్తొచ్చినట్టుంది.

"జాయింటు టేపు కావాలి. ఆ తొడుగులూ."

సుందరరాజు లేచాడు. కుడిచేతిని పొట్టకు అదుముకుని, ఎడమచేత్తో కేబులు ముక్క అందుకుని వెలుతురుకు తిప్పాడు. దాని లావుకు సరిపోయే రబ్బరు తొడుగులు మూడు తీశాడు, టేపు చుట్ట ఒకటి తీశాడు. బల్ల మీద పెడుతుంటే వాటి మీద నెత్తురు చుక్కలు పడ్డాయి. రఘు వాటిని లుంగీ అంచుతో తుడిచి జేబులో వేసుకున్నాడు.

"రఘుగారూ," అన్నాడు సుందరరాజు. "జాయింటు ముట్టుకునే ముందు షెడ్డులో కరెంటు ఫీజులు మూడూ పీకండి. పీకి మీ జేబులో వేసుకోండి. పక్కన పెట్టొద్దు. పని అయిందాకా జేబులోనే ఉండాలి."

"నాకు చెబుతున్నావా?"

"ఎవరు ఆపామని చెప్పినా నమ్మొద్దండి."

రఘు ముఖంలో ఏదో మారింది. అతను మొద్దుమనిషి కాదు. సుందరరాజును చూశాడు. ముంజేతి మీద బొబ్బలెక్కుతున్న రెండు గుర్తుల్ని అప్పుడే మొదటిసారి చూశాడు. తల మెల్లగా అన్న వైపు తిరగబోయింది. గోడ దగ్గర రాజేంద్రప్రసాద్ ఊపిరి బిగపట్టాడు. ఆ బిగపట్టడం సుందరరాజుకు వినిపించింది.

"నాకు అట్టాగే కరెంటు తగిలిందండి," అన్నాడు గబగబా. "కొండూరులో, మా మామ వాళ్ల బోరు దగ్గర. ఆపాం అన్నారు, నేను చెయ్యి పెట్టాను. అవతల పడ్డాను."

అది అబద్ధం. అతనికి కొండూరులో మామ లేడు. రఘు తల మధ్యలోనే ఆగింది. ముక్కుతో నవ్వాడు.

"చేతగానోడివి కాబట్టి తగిలింది." స్టార్టరు పెట్టెను మంచి భుజం మీదికి ఎత్తుకున్నాడు. "రేపు నా తోట వైపు కనపడ్డావంటే రెండో చెయ్యి కూడా ఉండదు."

జనం దారి ఇచ్చారు. మోటారుసైకిలు చప్పుడు సందు చివర మలుపు తిరిగి పోయింది. శివపార్వతి ఆటో కోసం బయటికి వెళ్లింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొంతమంది ఆమె వెంట, కొంతమంది టీ కొట్టు వైపు కదిలారు.

లోపల ఇద్దరే మిగిలారు.

"వాడికి చెబుతావా?" అన్నాడు రాజేంద్రప్రసాద్.

"చెప్పనండి."

"ఎందుకని?"

"చెబితే రేపటికి మీరుండరు."

రాజేంద్రప్రసాద్ యూరియా సంచి తీసుకుని మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. ఏదన్నా అంటాడేమోనని సుందరరాజు చూశాడు. ఆయన చెప్పు ఎత్తి, అడుగున గుచ్చుకున్న డయోడును గోటితో పీకి పారేసి, వెళ్లిపోయాడు.

సాయంత్రం కట్టు కట్టించుకుని ఇంటికి వస్తే భార్య గ్లోరి గుమ్మంలోనే నిలబెట్టి చూసింది. ఏడవలేదు. బ్రష్షులాగా నిలబడిన అతని జుట్టును చేత్తో సర్దింది.

"స్టేషనుకు పోదాం పద."

"వద్దు."

"పెట్టె పగలగొట్టింది నువ్వేనంట. నువ్వు గాజు గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెడతావు. నాకు చెబుతున్నావా ఆ కథ?"

అతను మంచం మీద కూర్చుని అన్నం వద్దన్నాడు. మజ్జిగ తాగాడు. ముక్కు పూడుకుపోయి, తాగుతూ మధ్యమధ్య ఆగి నోటితో ఊపిరి తీసుకున్నాడు.

"రెడ్డిగూడెం వైపు మొదటి బస్సు ఎప్పుడు?" అని అడిగాడు.

గ్లోరి గ్లాసు అందుకుని అతన్ని చూసింది. "మిగిలిన చెయ్యి కూడా ఇచ్చొస్తావా?" అంది.

తెల్లారి అతను బస్సు దిగి తోటలోకి నడిచేసరికి మామిడి పూత మీద మంచు ఇంకా ఆరలేదు. తేనెటీగలు అప్పుడే మొదలుపెట్టాయి. గట్టు అవతల మొక్కజొన్న ఆకులు చుట్టలు చుట్టుకుని నిలబడ్డాయి. దూరం నుంచే బోరు దగ్గర రఘు కనిపించాడు. గొంతుకు కూర్చుని, వీపు ఇటు పెట్టి, కేబులు కొసల్ని రెండు చేతులతో పట్టి మెలితిప్పుతున్నాడు. ముందుకు వంగిన చొక్కా జేబు ఏదో బరువుకు కిందికి వేలాడుతోంది.

సుందరరాజు ఊపిరి వదిలాడు. ఇక వెనక్కి పోవచ్చు అనుకున్నాడు.

అప్పుడు వినపడింది. టక్. కాసేపు ఆగి మళ్లీ టక్.

ఆ చప్పుడు మోటారు షెడ్డులోంచి వస్తోంది. స్టార్టరు బటన్ చప్పుడు అతనికి నిద్రలో వినపడినా తెలుస్తుంది. చెట్ల మధ్య నుంచి వంగి పరిగెత్తాడు. అడుగడుగుకూ వేళ్ల నొప్పి భుజం దాకా పాకింది.

షెడ్డులో కొత్త స్టార్టరు గోడకు బిగించి ఉంది. దాని పైన ఫ్యూజులు ఉండాల్సిన మూడు చోట్లూ ఖాళీగా ఉన్నాయి. తెల్లటి పింగాణీ గూళ్లు, లోపల ఇత్తడి నాలుకలు, వాటి మధ్య కరెంటు దాటడానికి ఏమీ లేదు. ఆ ఖాళీ కళ్లెదుటే ఉంది. దాని కింద రాజేంద్రప్రసాద్ నిలబడి పచ్చ బటన్ నొక్కుతున్నాడు. బొటనవేలు పెట్టి లోపలికంటా నొక్కి, పట్టి ఉంచి, వదులుతున్నాడు. మళ్లీ నొక్కుతున్నాడు. నిన్నటి చొక్కానే. రాత్రంతా ఇక్కడే ఉన్నట్టు బట్టలకు మట్టి. చెవి పైన కుట్లలో ఒకటి తెగి, నెత్తురు మెడ మీదికి కారి ఎండిపోయింది.

సుందరరాజును చూశాడు. ఆగలేదు. టక్.

సుందరరాజు ఎడమచేత్తో ఆ మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకున్న చేతి కింద కూడా ఆ బొటనవేలు నొక్కుతూనే ఉంది. లాగితే రాలేదు. వయసు మీద పడ్డ మనిషిలో అంత బలం ఎక్కడుందో తెలియదు. సుందరరాజు భుజం ఆనించి ఆయన్ని గోడకు తోశాడు. ఇద్దరి ఊపిర్లూ ఒకరి ముఖం మీద ఒకరికి తగిలాయి. ఆయన కళ్లలో కోపం లేదు. నిద్ర లేని పశువు కళ్లలా ఉన్నాయి. వేలు మాత్రం బటన్ వైపే చాచి ఉంది.

"ఎవర్రా అక్కడ?" అని బోరు దగ్గర నుంచి రఘు కేకేశాడు.

సుందరరాజు ఆయన్ని గోడకు ఇంకా గట్టిగా అదిమాడు.

"ఎవరా అని అడిగితే?"

"నేనండీ, సుందరరాజుని."

"నువ్వా? నిన్నటి తన్నులు చాల్లేదా?"

"కొత్త స్టార్టరు గదండీ. బటన్ సరిగ్గా పడుతుందో లేదో చూద్దామని."

అవతల పట్టకారు కింద పెట్టిన చప్పుడైంది. రఘు లేచినట్టున్నాడు. ఎండుటాకుల మీద రెండడుగులు వినిపించి ఆగాయి.

"ఇందాకట్నుంచీ టక్కు టక్కుమని నొక్కేది నువ్వేనా?"

సుందరరాజు రాజేంద్రప్రసాద్ ముఖంలోకి చూశాడు. షెడ్డుకు వెనకవైపు తడిక వదులై, మనిషి వంగి దూరేటంత సందు ఉంది. సుందరరాజు గడ్డంతో అటు చూపించాడు.

"నేనేనండి," అని బయటికి కేకేశాడు.

"ఆ చేతికి బుద్ధి రాలేదన్నమాట. ఉండు, వస్తున్నా."

ఆకుల మీద అడుగులు మొదలయ్యాయి. వాటితోపాటే జేబులో పింగాణీ ఫ్యూజులు ఒకదానికొకటి తగిలే చప్పుడు దగ్గరైంది. రాజేంద్రప్రసాద్ వంగి, తడిక సందులోంచి ముందు తలను, తర్వాత భుజాలను బయటికి ఈడ్చుకున్నాడు. సుందరరాజు స్టార్టరు ముందుకు జరిగి, కట్టు కట్టిన చేతిని వీపు వెనక దాచుకుని, గుమ్మం వైపు తిరిగి నిలబడ్డాడు.